మిర్చి ఘాటు పడటం లేదు, వేరు కాపురం అడగనా?

గుంటూరు నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆమె పుట్టిల్లు దివిసీమలో ఒక పల్లె. పెళ్లయ్యాక గుంటూరు వచ్చారు. అత్తింటివాళ్లది మిర్చి కమీషన్ వ్యాపారం. అత్తమామలు, బావగారు, తోడికోడలు, పిల్లలు అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. సీజన్ మొదలైందంటే కింది గదిలో శాంపిల్ కాయలు, ఒక్కోసారి పది ఇరవై టిక్కీలు (మిర్చి గోతాలు) కూడా ఉంటాయి. ఈమె, భర్త పై గదిలో ఉంటారు. ఏటా ఫిబ్రవరి దాటగానే తెల్లవారుజామున లేవగానే వరసపెట్టి తుమ్ములు, కళ్లలోనూ అంగిట్లోనూ దురద, రోజంతా ముక్కు కారడం. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. మెడికల్ షాపులో అడిగి రాత్రిళ్లు ఒక మాత్ర వేసుకుంటున్నారు, దాంతో పొద్దున్న క్లాసులో మత్తుగా ఉంటోంది. ముక్కు చుక్కల మందు సీసా దిండు పక్కన లేకపోతే నిద్ర పట్టదు. నిరుడు వీధిలోని ఆర్ఎంపీ డాక్టరు ఇచ్చిన ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా గడిచాయట, ఈసారీ చేయించుకోమంటున్నారట. ఎవరో చెప్పారని వంకాయ, గోంగూర, పెరుగు మానేశారు.

"మిర్చి మీద బతికే ఇంట్లో మిర్చి పడదంటే ఎలాగమ్మా, ఉండగా ఉండగా అదే అలవాటవుతుంది అంటారు మా అత్తయ్య. ఎండాకాలం పుట్టింటికి వెళితే మొదటి వారం బాగానే ఉంటుంది. తర్వాత అక్కడా పొద్దున్నే తుమ్ములు. మే నెలలో మిర్చి మార్కెట్ యార్డుకు సెలవులిచ్చి, ఇంట్లో ఒక్క కాయ లేకపోయినా తగ్గలేదు. మంగళగిరిలో చిన్న ఇల్లు తీసుకుందామంటే మావారు అమ్మ ఏమనుకుంటుందో అంటారు. ఈమధ్య చిన్నదానికే ఏడుపొస్తోంది, పీడకలలు వస్తున్నాయి. పిల్లల కోసం చూస్తున్నాం, ఈ మందులన్నీ చూస్తే భయంగా ఉంది. వేరు కాపురం అడగనా, అలవాటు చేసుకోనా? అసలు నాది జబ్బేనా, లేక నేనే గోల చేస్తున్నానా అని నాకే అనుమానం వస్తోంది." ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా,

ముందు ఆ చివరి అనుమానం తీసేయండి. మీది గోల కాదు. తెల్లవారుజామున నిద్ర చెడి, మాత్ర మత్తులో స్కూలుకెళ్లి, సాయంత్రం నలుగురి మాటలూ పడుతూ వస్తున్న మనిషికి విసుగు, ఏడుపు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. తుమ్ములే కదా అని అందరూ తేలిగ్గా తీసేసే జబ్బు ఇది. పడేవాళ్లకే తెలుస్తుంది దాని బాధ.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మీరు అన్నిటికీ మిర్చే కారణమని నమ్మి రాశారు. కానీ మీరే రాసిన రెండు విషయాలు వేరే సంగతి చెబుతున్నాయి. యార్డుకు సెలవులిచ్చి, ఇంట్లో కాయలు లేనప్పుడు కూడా తగ్గలేదు. దివిసీమలోనూ వారం తిరిగేసరికి మళ్లీ మొదలైంది. మిర్చి ఒక్కటే కారణమైతే ఈ రెండూ జరగకూడదు.

మిర్చి ఘాటు వేరు, అలర్జీ వేరు. ఎండుమిరపలోని క్యాప్సైసిన్ ముక్కులో, గొంతులో మంటను పసిగట్టే నరాలను నేరుగా రెచ్చగొడుతుంది. అందుకే కారం మర పక్కన నిలబడితే ఎవరికైనా తుమ్ము, దగ్గు, కళ్లనీళ్లు వస్తాయి. యార్డులో పనిచేసేవాళ్లు ముక్కుకూ మూతికీ గుడ్డ కట్టుకునేది దీనికే. ఆ చోటు నుంచి పక్కకొస్తే కాసేపటికి సర్దుకుంటుంది. అలర్జీలో జరిగేది ఇంకొకటి. మామూలుగా హాని చేయని పుప్పొడినో, దుమ్ములోని పురుగునో, బూజునో మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువు అనుకుంటుంది. హిస్టమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. దురద, వరస తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు దానివే. మీరు రాసిన కళ్ల దురద, అంగిలి దురద ఎక్కువగా అలర్జీ వైపే చూపిస్తాయి. ఉట్టి ఘాటుకు మంట పుడుతుంది కానీ అంత దురద పుట్టదు.

కాబట్టి మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది, ఆవిడకు ఆ మర్యాద ఇవ్వాలి. మిర్చి ఘాటుకు ముక్కు నరాలు కొంతవరకు మొద్దుబారతాయి, ఏళ్ల తరబడి కాయల మధ్య ఉన్నవాళ్లు తట్టుకోగలిగేది అందుకే. ఆవిడ తన అనుభవం చెబుతున్నారు. అలర్జీకి మాత్రం ఆ సూత్రం పనిచేయదు. పడనిదాన్ని రోజూ పీలుస్తూ కూర్చుంటే అలవాటవడం మాట అటుంచి, కొందరికి అది ఊపిరితిత్తుల దాకా వెళ్లి ఉబ్బసం అవుతుంది.

మరి మీకు పడనిది ఏమిటి? పరీక్ష లేకుండా నేను తేల్చి చెప్పలేను. ఎక్కడ వెతకాలో మాత్రం చెప్పగలను. ఫిబ్రవరి నుంచి మన వైపు గాలి పొడిబారి దుమ్ము లేస్తుంది. గట్ల మీద సర్కారు తుమ్మ, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ ఉండనే ఉన్నాయి. రెండిటి పుప్పొడీ అలర్జీకి పేరుపడ్డవే. మీ పుట్టింటి వైపు అదే సమయంలో మినుము నూర్పిళ్ల దుమ్ము కూడా ఉంటుంది. చాలామంది వేపపూతనూ మామిడిపూతనూ తిడతారు కానీ, వాటి పుప్పొడిని ఎక్కువగా ఈగలు, తేనెటీగలు మోస్తాయి, గాలిలో అంత దూరం రాదు. ఉగాది పచ్చడి మానాల్సిన పనేమీ లేదు.

అయితే మీరు లేవగానే, మంచం మీదే తుమ్ములు మొదలవుతాయన్నారు. అందుకే నా అనుమానం బయట చెట్ల కన్నా మీ గది మీద ఎక్కువగా ఉంది. పరుపులో, దిండులో కంటికి కనిపించని దుమ్ము పురుగులు పెరుగుతాయి. తేమ ఉంటే వాటికి పండగ. మన కోస్తాలో తేమకు కొదవ లేదు. దానికి తోడు ఎండాకాలం కూలర్. మీ ఇంట్లో కూలర్ ఉందో లేదో రాయలేదు. ఉంటే ఒకసారి దాని వెనక తలుపు తీసి చూడండి. నిరుటి గడ్డి మ్యాట్లు అటక మీద అలాగే ఉండి, మార్చిలో కిందికి దించి నీళ్లు పోసి ఆన్ చేస్తారు చాలా ఇళ్లలో. మ్యాట్ల మీద నల్లటి మచ్చలు, తొట్టి అడుగున జిగురు, తడి వాసన ఉంటే అది బూజు. రాత్రంతా మొహానికి ఎదురుగా దాన్నే పీలుస్తున్నట్టు. పైగా కూలర్ గదిలో తేమను పెంచుతుంది, దాంతో పరుపులో పురుగులూ పెరుగుతాయి. పుట్టింట్లోనూ పాత దూది పరుపు, కూలర్ ఉంటే అక్కడ తుమ్ములు ఎందుకు వస్తున్నాయో తెలిసిపోతుంది. కింది గదిలో గోతాల దుమ్ములోనూ బూజు ఉండొచ్చు, దాన్నీ మరిచిపోవద్దు.

ఇక మందులు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే మీ బాధలో కొంత భాగం మందుల వల్లే వస్తోందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మొదట ఆ చుక్కల సీసా. ముక్కు దిబ్బడకు వేసే ఆ మందులను మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడాలి. నెలల తరబడి వేస్తే మందు ప్రభావం దిగిన ప్రతిసారీ ముక్కులోని రక్తనాళాలు ఇంకా ఉబ్బుతాయి. చుక్కలు వేసుకున్నందుకే ముక్కు మూసుకుపోతుంది, మూసుకుపోయిందని మళ్లీ వేసుకుంటాం. అది లేకపోతే నిద్ర పట్టడం లేదంటే మీరు ఈ దశలో ఉన్నట్టే. మానాల్సిందే, కానీ మానిన మొదటి వారం కష్టంగా ఉంటుంది. డాక్టరు సలహాతో, కింద చెప్పబోయే ముక్కు స్ప్రే మొదలుపెట్టి, ముందు ఒక ముక్కులో మానేసి, అది తెరుచుకున్నాక రెండోదాంట్లో మానేయడం కొంత సులువు. స్కూలు సెలవుల్లో పెట్టుకోండి ఆ పని.

రెండోది రాత్రి మాత్ర. స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. మన మెడికల్ షాపుల్లో తుమ్ములకు ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో లెవోసెట్రిజిన్‌తో పాటు మాంటెలుకాస్ట్ కలిసి ఉంటుంది. ఆ మాంటెలుకాస్ట్ కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కూడా తెస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో తన హెచ్చరికల్లోకెల్లా తీవ్రమైనది జారీ చేసింది. ఉట్టి ముక్కు అలర్జీకైతే వేరే మందులు పనిచేయనప్పుడే వాడమంది. మీ ఏడుపుకూ కలలకూ అదే కారణమని నేననడం లేదు, నిద్ర లేకపోయినా అలాగే ఉంటుంది. కానీ ఆ పేరు మీ స్ట్రిప్ మీద ఉంటే ఈ వారంలోనే డాక్టరుకు చూపించి, పీడకలల సంగతి నోరు విప్పి చెప్పండి. బతకాలని లేదు అన్నంత దిగులు ఎప్పుడైనా వస్తే ఆ రోజే మీవారికి చెప్పి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మత్తు సంగతికొస్తే, లెవోసెట్రిజిన్ కొందరికి మత్తు తెస్తుంది. ఫెక్సోఫెనడిన్ లాంటివాటితో మత్తు తక్కువ, దాన్ని పండ్ల రసంతో కాకుండా నీళ్లతో వేసుకోవాలి. మార్చడం డాక్టరు పని, అడగడం మీ పని.

మూడోది ఆ ఇంజెక్షన్. ఏం మందో మీకు చెప్పలేదు, చీటీ ఇవ్వలేదు. ఒక్క సూదితో వారాల పాటు హాయిగా ఉందంటే చాలావరకు అది ఒంట్లో నిలవ ఉండే స్టెరాయిడ్ అయి ఉంటుంది. తుమ్ములకు దాన్ని ఏటా పొడిపించుకుంటే బరువు, షుగరు, నెలసరి తేడాలు, ఎముకల బలహీనత లాంటి చిక్కులు ఉన్నాయి. పిల్లల కోసం చూస్తున్న ఈ సమయంలో అసలే వద్దు. పేరు చెప్పని మందు ఒంట్లోకి ఎక్కించుకోకండి.

ముక్కులోకి కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే గురించి చెప్పాలి. స్టెరాయిడ్ అనగానే భయపడతారు కానీ ఇది ఆ ఇంజెక్షన్ లాంటిది కాదు. మోతాదు చాలా చిన్నది, ముక్కులోనే పనిచేస్తుంది, ఒంట్లోకి వెళ్లేది అతి తక్కువ. సీజన్ అలర్జీకి డాక్టర్లు ముందుగా రాసేది ఇదే. రెండు రోజులు కొట్టి పనిచేయలేదని పారేస్తారు చాలామంది. పూర్తి ఫలితానికి రెండు వారాల దాకా పడుతుంది, రోజూ వాడాలి, వచ్చే ఏడాదికైతే తుమ్ములు మొదలవకముందే, సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టాలి. కొట్టుకునే పద్ధతి కూడా ముఖ్యం. తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో పట్టుకుని, గొట్టం కొసను చెవి వైపు తిప్పి నొక్కాలి. మధ్య గోడ మీద కొడితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగబీలిస్తే మందంతా గొంతులోకి పోతుంది.

వంకాయ, గోంగూర, పెరుగు తిరిగి తినండి. ఏదైనా తిన్న వెంటనే దద్దుర్లో, పెదవుల వాపో వచ్చిన గుర్తుంటే తప్ప, సీజన్‌లో తెల్లవారుజామున వచ్చే తుమ్ములకు కూరల్ని అనుమానించడం దండగ. వందల పదార్థాలకు అలర్జీ ఉందో లేదో ఒకేసారి చెబుతామనే ఖరీదైన రక్త పరీక్షల జోలికీ పోవద్దు. వాటిలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, ఇంకో పది కూరలు మానేస్తారు, అంతే.

గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో చెవి, ముక్కు, గొంతు జబ్బులు చూసే ఈఎన్‌టీ విభాగం ఉంది, మంగళగిరి ఎయిమ్స్ కూడా మీకు దగ్గరే. చర్మం మీద చిన్న చిన్న గాట్లు పెట్టి చేసే అలర్జీ పరీక్ష ఎక్కడ చేస్తారో అక్కడ అడగండి. దానికి ముందు దాదాపు వారం తుమ్ముల మాత్రలు ఆపాల్సి ఉంటుంది, లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది. ఎప్పుడు ఆపాలో వాళ్లే చెబుతారు. కారం మర వైపు వెళ్లినా, రాత్రిపూట అయినా ఆగని దగ్గు, ఛాతీలో పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం ఉంటే అది కూడా చెప్పి, ఊపిరి ఊదించే పరీక్ష చేయించుకోండి. అవేవీ మీరు రాయలేదు. రాయకపోవడం వేరు, లేకపోవడం వేరు.

ఇప్పుడు ఇల్లు మారే విషయం. మీ ముందు మూడు దారులున్నాయి.

ఏటా పుట్టింటికి వెళ్లడం ఒకటి. దానివల్ల జబ్బు తగ్గడం లేదని మీ అనుభవమే చెబుతోంది. స్కూల్లో సెలవులు కోత, ఊళ్లో మాటలు అదనం. అమ్మను చూడటానికి వెళ్లండి, వైద్యం కోసమని మాత్రం వద్దు.

ఉన్న ఇంట్లోనే మార్పులు చేసుకోవడం రెండోది. కింది గదిలోని గోతాలు షాపుకో, కోల్డ్ స్టోరేజీకో మార్చమనాలి. కనీసం ఇంట్లోకి వచ్చే తలుపు మూసి, మెట్ల వైపు గాలి రాకుండా చూడాలి. మీ గదిలో పరుపు, దిండ్లకు జిప్ ఉన్న గట్టి కవర్లు వేయించి, దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతికి మంచి ఎండలో ఆరేయండి. గుంటూరు ఎండ ఈ ఒక్క పనికి మనకు వరం. కూలర్ మ్యాట్లు కొత్తవి వేయించండి, వీలైతే ఫ్యాన్‌తోనో ఏసీతోనో సరిపెట్టుకోండి, ఏసీ ఫిల్టర్ కడుగుతూ ఉండాలి. పొడి చీపురుతో కాకుండా తడిబట్టతో తుడవండి. బయటినుంచి రాగానే స్నానం చేసి, కాచి చల్లార్చిన గోరువెచ్చని ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటే చాలా తేలిక పడుతుంది. కొళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోయకూడదు. ఏప్రిల్, మే వస్తే ఆవకాయ హడావుడి ఎలాగూ ఉంటుంది. కారం జల్లించడం, ఆవపిండి కొట్టడం తోడికోడలికిచ్చి, మామిడికాయ ముక్కల్లో జీడి తీసి తుడిచే పని మీరు తీసుకోండి. పని తప్పించుకున్నారన్న మాటా రాదు. ఈ దారిలో ఖర్చు తక్కువ, ఇంట్లో గొడవ తక్కువ. కష్టం ఏమిటంటే, గోతాలు మార్చమని మీవారు తన అన్నతో, తండ్రితో మాట్లాడాలి. ధర పడిపోయిన ఏడాది సరుకు మళ్లీ ఇంటికే చేరొచ్చు కూడా.

మూడోది మంగళగిరిలో ఇల్లు. కారణం మీ పరుపులోనో కూలర్‌లోనో ఉంటే, సామాన్లతో పాటు అదీ మంగళగిరి వస్తుంది. అక్కడా తుమ్ములు వస్తే అప్పుడు మీ మాటకు విలువ ఉండదు. "ఇల్లు చీల్చింది, జబ్బు తగ్గిందా?" అన్న మాట జీవితాంతం పడాలి. అదే, పరీక్షలో గోతాల బూజు పడదని తేలినా, ఉబ్బసం ఉందని తేలినా, గోతాలు కదిలే పరిస్థితి లేకపోయినా, ఇల్లు మారడం వైద్యంలో భాగమే అవుతుంది. అప్పుడు వెనకాడకండి. డాక్టరు చీటీ మీవారి చేతిలో ఉంటే వాళ్లమ్మతో మాట్లాడటం ఆయనకూ సులువు.

ఇంకో మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఈ తుమ్ములు రేపే తగ్గిపోయినా మీరు మంగళగిరి వెళ్లాలనుకుంటారా? అవునని మీ మనసు చెబితే, అది తప్పేమీ కాదు. ఇద్దరం విడిగా ఉండాలని కోరుకోవడం నేరం కాదు. కానీ ఆ కోరికను ఆ కోరికగానే మీవారి ముందు పెట్టండి. దాన్ని ముక్కు మీద పెడితే, మందుతో ముక్కు బాగుపడిన రోజున మీ కోరికకు ఆధారం పోతుంది. బాగుపడకూడదేమో అన్న ఆలోచన కూడా వస్తుంది, ఆ స్థితి ఎవరికీ వద్దు. ఆరోగ్యాన్ని డాక్టరు దగ్గర, కాపురాన్ని భర్త దగ్గర, విడివిడిగా మాట్లాడండి.

ఆసుపత్రికి మీవారిని తప్పక వెంటబెట్టుకెళ్లండి. మీరు ఇంట్లో వందసార్లు చెప్పిన దానికన్నా డాక్టరు ఆయన ముందు ఒక్కసారి చెప్పింది ఎక్కువ పనిచేస్తుంది. మీరు చెడ్డగా చెప్పారని కాదు, ఇంటి మనిషి బాధ రోజూ చూసేవాళ్లకు మామూలైపోతుంది. అత్తగారు కూడా వస్తానంటే రానివ్వండి.

పిల్లల గురించి భయపడొద్దు. ఈ అలర్జీ వల్ల గర్భం రాకపోవడమంటూ ఉండదు. వచ్చాక కూడా వాడదగ్గ మందులున్నాయి. బ్యూడెసొనైడ్ ముక్కు స్ప్రే, సెట్రిజిన్, లొరాటడిన్ లాంటివి గర్భిణులకు చాలాకాలంగా రాస్తున్నవే. మీరు ప్రయత్నంలో ఉన్నారని మొదటి రోజే ఈఎన్‌టీ డాక్టరుకూ, గైనకాలజిస్టుకూ చెప్పండి. పడనిదాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటిని మార్చే ఇమ్యునోథెరపీ అని ఒకటుంది, మూడు నుంచి ఐదేళ్లు సాగుతుంది. గర్భం వచ్చాక దాన్ని కొత్తగా మొదలుపెట్టరు, ముందే మొదలై ఉంటే సాధారణంగా కొనసాగిస్తారు. అందుకే ఆ ఆలోచన ఉంటే ఇప్పుడే అడగాలి. గర్భిణులకు అలర్జీ లేకపోయినా ముక్కు దిబ్బడ వేయడం మామూలే, అప్పుడు కంగారుపడి ఆ చుక్కల సీసా మళ్లీ తెరవకండి.

పరీక్ష అయ్యాక ఫలితం ఏమొచ్చిందో, మీవారు ఏమన్నారో రాయండి. ఇంటి సంగతి అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.